చేత్తో చేసే ఐహెచ్‌సీకి ఎస్‌పీ1 సీసా, పాలిమర్ కిట్: డెల్టా ల్యాబుల వైపు నుంచి ఒక సమీక్ష

రొమ్ము గడ్డ ముక్కలో ఈస్ట్రోజన్ రిసెప్టర్, అంటే ఈఆర్, ఉందా లేదా తేల్చడానికి మార్కెట్లో చాలా యాంటీబాడీలే దొరుకుతున్నాయి. ఆటోస్టెయినర్ (స్లైడ్లకు తనంతట తానే రంగు పట్టించే మెషీన్) లేకుండా, తేమ పెట్టెలో స్లైడ్లు పరిచి చేత్తో ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (ఐహెచ్‌సీ, అంటే యాంటీబాడీతో ముక్కలోని ప్రొటీన్‌కు రంగు పట్టించి చూసే పరీక్ష) చేసే ల్యాబుకి వాటిలో బాగా నప్పేది ఎస్‌పీ1 క్లోన్ (ఒకే కణ సంతతి నుంచి వచ్చిన యాంటీబాడీ). రాజమహేంద్రవరం నుంచి భీమవరం, అమలాపురం దాకా చిన్న ల్యాబులకు మా సలహా ఇదే: ముందే పలచన చేసి అమ్మే రెడీ టు యూజ్ సీసా కొనండి, బయోటిన్ లేని హెచ్‌ఆర్‌పీ పాలిమర్ కిట్‌తో (యాంటీబాడీ అతుక్కున్న చోట హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్ ద్వారా రంగు తెచ్చేది) కలిపి వాడండి. అయితే సీసా మంచిదైనంత మాత్రాన స్లైడు బాగా రాదు. మూత తీయకముందే చెడిపోయే ముక్కలే ఎక్కువ. అందుకే ఇక్కడ సీసా గురించి ఎంత ఉందో, ఫార్మలిన్, నీళ్లు, కుక్కర్ల గురించీ అంతే ఉంటుంది.

ఈ పరీక్ష తప్పితే ఏమవుతుందో ముందు చెప్పుకోవాలి. ఈఆర్ నెగటివ్ అని రిపోర్టు వెళ్లిందంటే ఆమెకు టామోక్సిఫెన్ రాయరు. ఏళ్ల తరబడి వాడుకోవాల్సిన, పేద కుటుంబం కూడా కొనుక్కోగల మాత్ర అది. గడ్డలో రిసెప్టర్ ఉండి కూడా స్టెయిన్ సరిగా రాక నెగటివ్ అయితే, ఆ తప్పును పట్టుకునేవాళ్లు తర్వాత ఎవరూ ఉండరు. 2010 నుంచి అమెరికా క్లినికల్ ఆంకాలజీ, పాథాలజీ సంఘాల మార్గదర్శకాల ప్రకారం 1 శాతం కేంద్రకాలకు రంగు పట్టినా పాజిటివే. 2020 సవరణలో 1 నుంచి 10 శాతాన్ని 'లో పాజిటివ్' అని విడిగా రాయమన్నారు. అంటే లేతగా, అక్కడక్కడా పట్టిన రంగును కూడా నమ్మకంగా చూపించగల యాంటీబాడీ కావాలి.

ఎస్‌పీ1కి మొగ్గు ఇక్కడే. ఇది కుందేలు మోనోక్లోనల్. రిసెప్టర్ ప్రొటీన్ గొలుసులో సీ కొస (చివరి అంచు) దగ్గర అతుక్కుంటుంది. అంతకుముందు ఎక్కువగా వాడిన 1డీ5 ఎలుక మోనోక్లోనల్, అది ఎన్ కొస (మొదటి అంచు) వైపు అతుక్కుంటుంది. రిసెప్టర్ దండిగా ఉన్న గడ్డలో రెండిటికీ పెద్ద తేడా కనపడదు. తక్కువగా ఉన్న గడ్డలో, ఫార్మలిన్ సరిగా పట్టని ముక్కలో మాత్రం 1డీ5 చేతులెత్తేస్తుంది. డెన్మార్క్ నుంచి నడిచే నార్డిక్యూసీ నాణ్యతా పరీక్షల్లోనూ 1డీ5 వాడిన ల్యాబులు వెనకబడ్డాయి. ఈపీ1 కూడా మంచి క్లోనే, అది దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు. ఇంకా 1డీ5 సీసా వాడుతున్న ల్యాబు ఉంటే, అది ఖాళీ అయ్యేదాకా ఆగకుండా మార్చుకోవడం మంచిది.

కొనేటప్పుడు సీసా మీద కంపెనీ పేరుకన్నా ముందు క్లోన్ పేరు చదవండి. 'ఈఆర్ యాంటీబాడీ' అని మాత్రమే రాసి క్లోన్ చెప్పని కొటేషన్‌ను పక్కన పెట్టేయండి. రెండో సంగతి డిటెక్షన్ కిట్. ఎస్‌పీ1 కుందేలుది కాబట్టి కిట్‌లోని పాలిమర్ కుందేలు యాంటీబాడీని గుర్తుపట్టేదై ఉండాలి. ఎలుకకు మాత్రమే పనిచేసే పాత కిట్ మిగిలి ఉందని దానితో చేస్తే స్లైడు ఖాళీగా వస్తుంది, కంట్రోల్ (రంగు పట్టాలని ముందే తెలిసిన ముక్క) కూడా ఖాళీగానే ఉంటుంది. ఎలుక, కుందేలు రెండిటికీ పనికొచ్చే యూనివర్సల్ పాలిమర్ తీసుకుంటే ఈఆర్, పీఆర్ (ప్రొజెస్టరాన్ రిసెప్టర్), హెర్2 (గడ్డ కణాల పొర మీది ప్రొటీన్), కేఐ-67 (కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చూపే ప్రొటీన్) అన్నీ ఒకే కిట్‌తో అవుతాయి. పాత స్ట్రెప్టావిడిన్-బయోటిన్ కిట్లు చవకగా ఇస్తామన్నా వద్దు. యాంటీబాడీ అతుక్కునేందుకు ముక్కను బఫర్‌లో ఉడికించాక (దీన్నే యాంటిజెన్ రిట్రీవల్ అంటారు) కణాల్లో సహజంగా ఉండే బయోటిన్ బయటపడి సైటోప్లాజమ్ అంతా గోధుమరంగు అలుముకుంటుంది. కాలేయంలో, కిడ్నీలో మరీ ఎక్కువ.

రెడీ టు యూజ్ మంచిదా, కాన్సన్ట్రేట్ (ల్యాబే పలచన చేసుకోవాల్సిన చిక్కటిది) మంచిదా అన్న ప్రశ్నకు కేసుల సంఖ్యను బట్టి జవాబు మారుతుంది. రోజూ కేసులు వచ్చే మెడికల్ కాలేజీ ల్యాబులో మైక్రోపిపెట్టు కాలిబ్రేషన్ ఉండి, పలచన మోతాదును మూడు నాలుగు స్థాయిల్లో పరీక్షించుకునే మనిషి ఉంటే కాన్సన్ట్రేట్ బాగా కలిసొస్తుంది. వారానికి మూడు నాలుగు కేసులు చేసే చోట వద్దు. పలచన చేసిన యాంటీబాడీ తొందరగా బలం కోల్పోతుంది. ఈ వారం స్లైడుకీ వచ్చే నెల స్లైడుకీ పోలిక ఉండదు. రెడీ టు యూజ్‌లో ఆ బెడద తక్కువ.

ఖర్చు లెక్క సీసా ధర మీద కాదు, స్లైడు మీద వేసుకోవాలి. 7 మి.లీ. సీసాను స్లైడుకి 100 మైక్రోలీటర్ల చొప్పున వాడితే 70 స్లైడ్లు వస్తాయి. డ్రాపర్‌తో ధారాళంగా వేసి 200 చేస్తే 35 దగ్గర ఆగిపోతుంది. సెక్షన్ (ముక్క నుంచి కోసిన పలచని పొర) చుట్టూ నీరు దాటని పెన్నుతో గీత గీసి, పిపెట్టుతో కొలిచి వేస్తే 100 సరిపోతుంది. పెద్ద మాస్టెక్టమీ (రొమ్ము మొత్తం తీసేసే ఆపరేషన్) సెక్షన్‌కి 150 దాకా పట్టవచ్చు. కంట్రోల్ ముక్కను వేరే స్లైడు మీద కాకుండా పేషెంటు సెక్షన్ ఉన్న స్లైడు మీదే ఒక కొసన ఎక్కిస్తే సీసా ఆదా అవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ స్లైడు మీద యాంటీబాడీ పడిందా లేదా అన్నది ఆ స్లైడే చెబుతుంది. చేత్తో చేసే పనిలో పది స్లైడ్లలో ఒకదానికి చుక్క వేయడం మరిచిపోవడం అసాధ్యమేమీ కాదు. బ్యాచ్‌కి ఒకే కంట్రోల్ పెట్టే ల్యాబులో అది ఎప్పటికీ బయటపడదు.

ఇక ఫార్మలిన్, అంటే ముక్కను కుళ్లకుండా నిలబెట్టే ద్రవం. డెల్టాలో ఈ పరీక్ష ఎక్కువగా చెడేది ఇక్కడే. ఆపరేషన్ పాలకొల్లులోనో తణుకులోనో ఊరి నర్సింగ్ హోమ్‌లో జరుగుతుంది, ముక్క బస్సులోనో బండి మీదో ల్యాబుకి వస్తుంది. మధ్యలో దాన్ని సెలైన్‌లో ఉంచితే పని అయిపోయినట్టే. గడ్డ శరీరం నుంచి బయటికొచ్చిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. అదీ 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ అయి ఉండాలి. కుళాయి నీళ్లలో ఫార్మలిన్ కలిపి పంపే అలవాటు మానిపించాలి. బఫర్ లేని ఫార్మలిన్ ఆమ్లంగా మారి, సెక్షన్ నిండా నల్లటి గోధుమరంగు పొడి లాంటి పిగ్మెంటు వదులుతుంది. డీఏబీ (ఈ పరీక్షలో గోధుమరంగు తెచ్చే రసాయనం) రంగు పక్కన అది చదివేవాళ్లను తికమక పెడుతుంది. తయారీ కష్టమేమీ కాదు: 37-40 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ల్యాబే చేసి, వెడల్పు మూతి డబ్బాల్లో నింపి నర్సింగ్ హోమ్‌లకు ముందే ఇచ్చి ఉంచితే చాలావరకు తెరిపిన పడతారు. ముక్క పరిమాణానికి పది రెట్లు ద్రవం ఉండాలి. ఇరుకు మూతి సీసాలోకి తోసిన రొమ్ము ముక్క గట్టిపడ్డాక సరిగా బయటికే రాదు.

మొత్తం మాస్టెక్టమీని కోయకుండా డబ్బాలో వేస్తే మధ్యలో ఉన్న గడ్డకు ఫార్మలిన్ చేరేసరికి ఆ కణాలు కుళ్లడం మొదలుపెడతాయి. ద్రవం లోపలికి వెళ్లే వేగం మొదట్లో గంటకు దాదాపు 1 మి.మీ. లోతుకు పోయేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. కాబట్టి సర్జన్ గానీ, ల్యాబు మనిషి గానీ ముక్క కింది వైపు కోత అంచుకి (మార్జిన్‌కి) ఇంకు పూసి, సెంటీమీటరు మందాన చీలికలు పెట్టి, మధ్యలో గాజుగుడ్డ దూర్చి ఫార్మలిన్‌లో ముంచాలి. ఇలా చేయని ముక్కలో అంచుల్లో ఈఆర్ చక్కగా కనపడి మధ్యలో ఏమీ ఉండదు. అలాంటి స్లైడు చూసి యాంటీబాడీని తిట్టుకోవద్దు.

ఫార్మలిన్‌లో ఉండే సమయం 6 గంటలకు తగ్గకూడదు, 72 గంటలు దాటకూడదు. ట్రూకట్ (సూదితో తీసిన) సన్నటి ముక్కే కదా అని రెండు గంటల్లో ప్రాసెసర్‌లో (ముక్కలోని నీరు తీసి మైనం ఎక్కించే మెషీన్) వేస్తే, మిగతా ఫిక్సేషన్ (కణాలను చెడకుండా నిలబెట్టే పని) ఆల్కహాల్ చేతిలోకి పోతుంది, ఈఆర్ బలహీనపడుతుంది. సూది ముక్కకీ 6 గంటలే. రెండో కొసన సెలవులు. భోగి ముందు రోజు వచ్చిన డబ్బాను ముక్కనుమ రోజున తెరిస్తే దాదాపు 96 గంటలు. పండగ మూడు రోజుల్లో ఒక పూట గ్రాసింగ్ (ముక్కను పరిశీలించి చిన్న ముక్కలుగా కోయడం) చేసి ప్రాసెసర్‌లో వేసే మనిషిని ముందే అనుకుని పెట్టుకోవాలి. ఎక్కువ ఫిక్సయిన ముక్కను యాంటిజెన్ రిట్రీవల్‌తో కొంతైనా దారికి తేవచ్చు. తక్కువ ఫిక్సయిన దాన్ని తేలేం.

సెక్షన్లు 4 మైక్రాన్ల మందం, పాజిటివ్ చార్జ్ ఉన్న స్లైడ్ల మీద. హెచ్ అండ్ ఈ (పాథాలజీలో మామూలుగా వేసే రంగు) కోసం స్లైడుకి గుడ్డు అల్బుమిన్ రాసే అలవాటు చాలాచోట్ల ఇంకా ఉంది. ఐహెచ్‌సీకి అది పనికిరాదు. చార్జ్‌ని కప్పేస్తుంది, మరకలా రంగు తెస్తుంది. కొవ్వు ఎక్కువ ఉన్న రొమ్ము సెక్షన్ పీహెచ్ 9 బఫర్‌లో ఉడికేటప్పుడు లేచిపోవడం తరచూ చూసేదే. స్లైడును నిలబెట్టి నీరంతా కారాక 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే చాలావరకు నిలుస్తుంది. నీరు కారకముందే ఓవెన్‌లో పెడితే మాత్రం కేంద్రకాలు బుడగల్లా కనిపిస్తాయి. కోసిన స్లైడ్లు ఆరు వారాలు దాటితే వాడకండి. బ్లాకు (ముక్కను మైనంలో పోతపోసిన దిమ్మ) నుంచి మళ్లీ కోయండి.

రిట్రీవల్ విషయంలో ఎస్‌పీ1కి ట్రిస్-ఈడీటీఏ పీహెచ్ 9.0 బాగా నప్పుతుంది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి ట్రిస్ బేస్ 1.21 గ్రాములు, డైసోడియం ఈడీటీఏ 0.37 గ్రాములు, ట్వీన్-20 అర మి.లీ. ఇది 10 మిల్లీమోలార్ ట్రిస్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ. ఇక్కడ నీళ్లతో రాజీపడకూడదు. లీటరుకు (కాల్షియం కార్బొనేట్ లెక్కన) 100 మి.గ్రా. కాఠిన్యం ఉన్న నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కలిపి దాదాపు 1 మిల్లీమోలార్ అవుతాయి. అంటే అలాంటి బోరు నీళ్లతో బఫర్ చేస్తే ఈడీటీఏ దాదాపు అంతా వాటిని పట్టుకోవడానికే ఖర్చయిపోతుంది, ముక్కకి మిగలదు. సముద్రం వైపు కోనసీమలో బోర్లు ఉప్పగా ఉండే ఊళ్లలో సమస్య ఇంకా ఎక్కువ. డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఖర్చు యాంటీబాడీ ముందు ఎంత?

వేసవిలో ఇంకొకటి గమనించాలి. ట్రిస్ పీహెచ్ వేడితో మారుతుంది, డిగ్రీకి 0.03 దాకా తగ్గుతుంది. 38 డిగ్రీల గదిలో మీటరు 9.0 చూపేలా సరిచేస్తే, అదే బఫర్ 25 డిగ్రీల దగ్గర 9.35 దాటుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీలకు తెచ్చి కొలవండి. వాష్ బఫర్‌కీ ఇదే వర్తిస్తుంది: లీటరుకి ట్రిస్ బేస్ 6.05 గ్రాములు, సోడియం క్లోరైడ్ 8.76 గ్రాములు, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో పీహెచ్ 7.6కి తెచ్చి, ట్వీన్ అర మి.లీ. బూజు పట్టకుండా సోడియం అజైడ్ కలపాలని అనిపిస్తుంది గానీ వద్దు, అది హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్‌ను చంపేస్తుంది. వారానికి సరిపడా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

స్టీలు ప్రెషర్ కుక్కర్ ఈ పనికి నిజంగా మంచి పరికరం. మైక్రోవేవ్‌కన్నా నమ్మకమైనది కూడా. కానీ విజిళ్లు లెక్కపెట్టి చేయకండి. గ్యాస్ మంట, వాషర్ అరుగుదల, లోపలి నీటి మట్టం, వీటిని బట్టి మూడు విజిళ్లు ఒకరోజు నాలుగు నిమిషాల్లో, ఇంకోరోజు పది నిమిషాల్లో వస్తాయి. బఫర్ మరిగాక స్లైడ్లు దించి మూత పెట్టండి. పూర్తి ప్రెషర్ వచ్చి వెయిట్ లేచిన క్షణం నుంచి టైమర్‌తో 3 నిమిషాలు, తర్వాత మంట తగ్గించకుండా ఆపేయడమే. ప్రెషర్ దిగాక స్లైడ్లను అదే బఫర్‌లో 20 నిమిషాలు చల్లారనివ్వాలి. వేడి స్లైడును గాలిలోకి తీస్తే క్షణంలో ఎండుతుంది. ఒక్కసారి ఎండిన సెక్షన్ అంచంతా గోధుమరంగుకు తిరుగుతుంది, దాన్ని ఇక చదవలేం.

అక్కడి నుంచి పని సాఫీగా సాగుతుంది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 నిమిషాలు, అదీ ఆరోజు కలిపినదే. ఎండాకాలంలో బయట ఉంచిన పెరాక్సైడ్ బలం పోయి, ఎర్ర రక్తకణాలన్నీ డీఏబీలో గోధుమరంగు పట్టుకుంటాయి. ఎస్‌పీ1 30 నిమిషాలు, పాలిమర్ కిట్ కాగితంలో చెప్పినంతసేపు, మధ్యమధ్య మూడేసి వాష్‌లు. డీఏబీ 5 నిమిషాలు, అన్ని స్లైడ్లకీ ఒకే టైమరు. ఒక్కో స్లైడును మైక్రోస్కోపులో చూస్తూ 'సరిపోయింది' అని ఆపేస్తే స్లైడుకో కొలత అయిపోతుంది. డీఏబీకి గ్లవ్స్ తప్పనిసరి, పారబోసేది వేరే డబ్బాలోకి. గది 22-25 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే తేమ పెట్టెలో తడి దూదితో పాటు మూత బిగుతుగా ఉందో లేదో చూసుకోండి. 100 మైక్రోలీటర్లు ఆవిరైపోవడానికి ఎంతోసేపు పట్టదు. చివర్న హెమటాక్సిలిన్ (కేంద్రకాలకు నీలిరంగు పట్టించేది) లేతగా, అర నిమిషం చాలు. హారిస్ రకం హెమటాక్సిలిన్ ముదురుగా పడితే 1 శాతం, 2 శాతం లేత పాజిటివ్ కేంద్రకాలు ఆ నీలిరంగు కింద కనిపించకుండా పోతాయి.

కంట్రోల్‌గా ముదురు పాజిటివ్ గడ్డ పెట్టుకుంటే ఉపయోగం లేదు. యాంటీబాడీ సగం బలహీనపడినా అది గోధుమరంగులోనే మెరుస్తుంది. గర్భాశయ ముఖద్వారం (సెర్విక్స్) ముక్కా, టాన్సిల్ ముక్కా కలిపి ఒక బ్లాకు చేసుకోండి, డెల్టాలోని ఏ ల్యాబు పాత బ్లాకుల్లోనైనా రెండూ ఉంటాయి. సెర్విక్స్‌లో పొలుసు కణాలు, కింది స్ట్రోమా (ఆధార కణజాలం) కణాలు పట్టాలి. టాన్సిల్‌లో జర్మినల్ సెంటర్లలో (రోగనిరోధక కణాలు గుంపుగా పెరిగే చోట్లు) కొద్ది కణాలు మాత్రం లేతగా పట్టాలి. ఆ లేత రంగు కనపడకపోతే ఆరోజు రిపోర్టులు ఆపండి. పేషెంటు ముక్కలోనే మామూలు రొమ్ము నాళాలు ఉంటే వాటినీ చూడండి. గడ్డ నెగటివ్, పక్కనున్న నాళమూ నెగటివ్ అయితే అది ఈఆర్ నెగటివ్ కాదు, చెడిన పరీక్ష.

పీఆర్ గురించి ప్రత్యేకంగా చెప్పేది తక్కువ: ఇదే పద్ధతి, ఇదే కంట్రోల్ బ్లాకు. హెర్2 మాత్రం చేత్తో చేసేటప్పుడు భయంగా చూడాల్సిందే. అందరికీ తెలిసిన 4బీ5 క్లోన్ ఆటోస్టెయినర్ కోసం తీర్చిన సీసాల్లో వస్తుంది. మెషీన్ లేని ల్యాబు దాన్ని కొని ప్రయోజనం లేదు. కుందేలు పాలీక్లోనల్‌ను 95-99 డిగ్రీల వాటర్ బాత్‌లో 40 నిమిషాలు రిట్రీవ్ చేసే పాత పద్ధతి చేతిపనికి నిలకడగా ఉంటుంది. కుక్కర్‌లో ఎక్కువ ఉడికిస్తే మామూలు నాళాల పొరకు కూడా రంగు పట్టేస్తుంది, అలాంటప్పుడు గడ్డలో కనిపించిన 3+ని (అన్నిటికన్నా బలమైన పాజిటివ్ స్కోరు) నమ్మకూడదు. 10 శాతం దాటిన కణాల్లో పొర చుట్టూ పూర్తిగా, గాఢంగా ఉంటేనే 3+. సైటోప్లాజమ్ రంగును, నలిగిన ట్రూకట్ అంచులను లెక్కలోకి తీసుకోవద్దు. 2+ (అటో ఇటో తేల్చలేని స్కోరు) వస్తే బ్లాకును ఫిష్ పరీక్షకు (హెర్2 జన్యువు కాపీలను లెక్కించేది) హైదరాబాదుకో విశాఖకో పంపాలి. బ్లాకు పంపేటప్పుడు ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, పారఫిన్ మెత్తబడుతుంది. వారానికి ఒకటి రెండు హెర్2లు మాత్రమే వచ్చే చోట ఈఆర్, పీఆర్ ఇక్కడ చేసుకుని, హెర్2ను పెద్ద ల్యాబుకి పంపడమే మేలని మా అభిప్రాయం. కేఐ-67కి ఎంఐబీ-1 క్లోన్ బాగానే పనిచేస్తుంది, కాకపోతే 5 శాతం లోపు, 30 శాతం పైన తప్ప మధ్య అంకెల మీద చికిత్స నిర్ణయం తీసుకునేంత నమ్మకం లేదు.

తెప్పించుకోవడంలో కాస్త చొరవ కావాలి. హైదరాబాదు నుంచి రాత్రి బస్సు పార్శిల్‌లో థర్మోకోల్ పెట్టె, జెల్ ప్యాకులతో వస్తుంది. తెల్లారి రావులపాలెంలో దిగిన పెట్టెను మధ్యాహ్నం దాకా ఎండలో వదిలేయకుండా ఒక మనిషిని పంపండి. శనివారం బయలుదేరే పార్శిల్ ఒప్పుకోకండి. వచ్చినప్పుడు జెల్ కరిగిపోయి వేడెక్కి ఉంటే ఆ సంగతి సీసా మీద రాసుకోండి. ఒక్క పూట వేడికి యాంటీబాడీ పాడైపోయిందని తీర్మానించనక్కర్లేదు గానీ, పాత లాటు (ఒకే విడతలో తయారైన సరుకు), కొత్త లాటు పక్కపక్కన కంట్రోల్ బ్లాకు మీద నడిపి చూశాకే పేషెంటు స్లైడు మీద వేయాలి. నిల్వ 2-8 డిగ్రీల్లో, ఫ్రిజ్ తలుపు అరలో కాకుండా లోపలి అరలో, థర్మామీటరు పక్కన. గడ్డకట్టిన సీసాను వాడొద్దు. తుఫాను రోజుల్లో ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ కనెక్షన్ ఉందో లేదో ముందే చూసుకోండి.

ఆర్డరు ఇచ్చేటప్పుడు ఎక్స్‌పైరీ కనీసం ఎనిమిది నెలలు ఉన్న లాటే కావాలని, లాటు నంబరు ఇన్‌వాయిస్ మీద ఉండాలని రాతపూర్వకంగా అడగండి. అదే లాటు నంబరు, క్లోన్ పేరు, ముక్క ఫార్మలిన్‌లో ఎన్ని గంటలు ఉందో ఆ లెక్క, కంట్రోల్ పట్టిందా లేదా అన్నదీ పేషెంటు రిపోర్టు కింద ఒక వరుసలో అచ్చవ్వాలి. రేపు ఆమె ఆ కాగితం పట్టుకుని వేరే ఊళ్లో వేరే ఆంకాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు, పరీక్ష మళ్లీ చేయించాలా వద్దా అని ఆయన ఆ వరుస చూసే నిర్ణయిస్తారు.